ఎస్ఎస్ఎల్ మాడ్యూలు (పైథాన్)

ఎస్ఎస్ఎల్ మాడ్యూలు అనేది పైథాన్ ప్రోగ్రామింగు భాష యొక్క ప్రామాణిక లైబ్రరీలో ఒక భాగం. రెండు కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని గూఢలిపిలో పంపడానికి ఇది ఉపకరిస్తుంది. 2008లో వెలువడిన పైథాన్ 2.6లో దీనిని చేర్చారు. గూఢలిపి పనిని ఇది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే మరొక లైబ్రరీ ద్వారా నెరవేరుస్తుంది.

గోప్యత, గుర్తింపు

సురక్షితమైన సంధానానికి రెండు అంగాలున్నాయి. మొదటిది గోప్యత, అనగా మార్గమధ్యంలో ఇతరులు చదవలేకపోవడం. రెండవది గుర్తింపు, అనగా అవతలి కంప్యూటరు తాను చెప్పుకున్నదే అని నిర్ధారించుకోవడం. లక్క ముద్ర వేసిన ఉత్తరమైనా మోసగాని చేతికే ఇస్తే ముద్ర వలన ప్రయోజనం లేదు.

ఉదాహరణకు, నరసరావుపేటలోని ఒక విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము తన సంకేతపదాన్ని ఒక సర్వరుకు పంపుతున్నదనుకుందాం. వైఫై నడిపే వ్యక్తి తన యంత్రాన్నే ఆ సర్వరుగా చూపిస్తే, సంకేతపదం గూఢలిపిలోనే అతనికి చేరుతుంది. దానిని విప్పే తాళంచెవి కూడా అతని వద్దనే ఉంటుంది. సర్వరు చూపే ధ్రువపత్రాన్ని, అందులోని పేరును సరిచూడడమే దీనికి విరుగుడు.

2014 నాటి మార్పు

2014 చివరి వరకు పైథాన్‌లోని హెచ్‌టీటీపీ లైబ్రరీలు ఈ పరీక్షను తమంతట తాము చేసేవి కావు. ప్రోగ్రాము సక్రమంగా నడిచినట్లే కనిపించేది కనుక లోపం బయటపడేది కాదు. అలెక్స్ గేనర్ వ్రాసిన పెప్ 476 అనే ప్రతిపాదన ప్రకారం 2014 డిసెంబరులో వచ్చిన 2.7.9, 2015 ఫిబ్రవరిలో వచ్చిన 3.4.3 సంచికల నుండి ఈ పరీక్ష సహజంగానే జరుగుతున్నది. దీని వలన సొంతంగా తయారుచేసుకున్న ధ్రువపత్రాలు వాడే పాత ప్రోగ్రాములు ఆగిపోయాయి. అట్టి సందర్భంలో పరీక్షను ఆపివేయడం కంటే ఆ ధ్రువపత్రాన్ని నమ్మదగినదిగా ప్రోగ్రాముకు తెలపడం మేలు.

2021లో వచ్చిన 3.10 నుండి టీఎల్ఎస్ 1.2 కనీస ప్రమాణమైనది. పేరును సరిచూడని పాత ర్యాప్ సాకెట్ ఫంక్షనును 2023లో వచ్చిన 3.12లో తొలగించారు.

పరిమితులు

ధ్రువపత్రం విలువ దానిని జారీచేసిన సంస్థపై ఆధారపడి ఉంటుంది. 2014 జూలైలో భారతదేశపు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ పేరిట గూగుల్ చిరునామాలకు అనధికార ధ్రువపత్రాలు జారీ అయినట్లు గూగుల్ గుర్తించింది. దరిమిలా భారత నియంత్రణాధికారి ఆ సంస్థ మధ్యంతర ధ్రువపత్రాలను రద్దుచేశారు. ఇట్టి పత్రాలు పేరు పరీక్షలో కూడా నెగ్గగలవు. కావున లైబ్రరీలోని పరీక్షతో పాటు, ఏ సంస్థలను నమ్మాలో తెలిపే జాబితాను కూడా ఎప్పటికప్పుడు తాజాగా ఉంచుకోవలసి ఉంటుంది.