పిల్లల స్థౌల్యము – చికిత్సాచరిత్ర



మన పల్లెలలో చిరకాలముగా పిల్లవాడు చిక్కిపోవుటయే పెద్దల చింతకు కారణము. ఒడలు నిండిన బాలుని చూచి యింటి కలిమి యని సంతసించితిమే గాని, దానిని వ్యాధిగా నెంచలేదు. నేడు కాలము మాఱినది. 2022వ సంవత్సరమున ప్రపంచమందు 5 మొదలు 19 ఏండ్ల వయస్సు గలవారిలో సుమారు 16 కోట్లమంది స్థౌల్యపీడితులని లెక్క తేలినది. అందు మన దేశమువారు దాదాపు కోటి యిరువదియైదు లక్షలు. ఇట్టి పిల్లలకు ఎట్లు సాయపడవలె నన్న ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పుచున్నదో విన్నవింతును.

ఈ రోగము క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయము అతిస్థూలుని, అతికృశుని గూర్చి విచారించినది. అతిస్థూలునకు ఎనిమిది దోషములు చెప్పబడినవి. ఆయుస్సు తగ్గుట, నడక మందగించుట, దౌర్బల్యము, అతిస్వేదము, అతిక్షుధ, అతితృష్ణ యందలివే. కారణములు చెప్పుచు గురుమధురాహారమును, వ్యాయామలోపమును, పగటినిద్రను పేర్కొని, వానితోపాటు బీజస్వభావమును గూడ చేర్చెను. అనగా తల్లిదండ్రులనుండి సంక్రమించు గుణము. లావగుట కేవలము తిండిపోతుతనము వలననే కాదని మన పూర్వవైద్యు లెఱుగుదురు. వ్యాయామాదులను క్రమక్రమముగా పెంచవలెనే గాని యొక్కమాఱు మీద వేయరాదనియు ఆ గ్రంథమే చెప్పినది. ఈ రెండు మాటలను మనస్సున నుంచుకొనుడు.

ఇక పాశ్చాత్యదేశములకు వత్తము. లండను నగరమున విలియం బాంటింగ్ అను అంత్యక్రియల నిర్వాహకుడు, అరువదియైదేండ్లు దాటినవాడు, 202 పౌనుల బరువుతో బాధపడుచుండెను. వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంప మున్నగువానిని మానివేసి, సుమారొక సంవత్సరములో 46 పౌనులు తగ్గెను. తన యనుభవమును 1863లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. అందాతడు ఆహారమును గూర్చియే గాక, వీథులలోను బండ్లలోను జనులు చేయు పరిహాసము తన్నెట్లు నొప్పించెనో గూడ వ్రాసెను. ధనము, వయస్సు, మర్యాద గల పెద్దమనుష్యునికే అట్లుండగా, పదునాలుగేండ్ల బాలికకు ఎట్లుండునో యూహింపుడు.

ఆ దినములకు ముందే బెల్జియము దేశపు గణితవేత్త క్వెటెలే బరువును ఎత్తు యొక్క వర్గముచే భాగించు కొలతను చూపెను. 1972లో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరిడెను. కొలత చేతికి దొరకుటతో ప్రభుత్వములు పిల్లలను తూచి వర్గములుగా విభజింప మొదలిడినవి. మంచిదే. కాని, త్రాసు దేనిని తూచునో, దేనిని తూచదో తెలియుటకు సింగపూరు చరిత్ర చాలును.

1992లో సింగపూరు విద్యాశాఖ పాఠశాలలలో ట్రిమ్ అండ్ ఫిట్ అను కార్యక్రమమును నెలకొల్పెను. బరువు మించిన పిల్లలను వేఱు చేసి అదనపు వ్యాయామము చేయించుట, భోజనశాలలలో ఆహారమును సవరించుట అందలి పద్ధతులు. కొన్ని పాఠశాలలలో తోడి పిల్లలు విరామసమయమున తినుచు ఆడుచుండగా, వీరు మాత్రము అందఱి కన్నుల యెదుట పరుగెత్తవలసివచ్చెను. ఫలితము కనబడకపోలేదు. 1993లో నూటికి సుమారు పండ్రెండుగా నున్న స్థూలవిద్యార్థుల సంఖ్య 2006 నాటికి పదిలోపునకు దిగెను. అంకెలను చూచినచో విజయమే. కాని ఆ కార్యక్రమమునకు గల టి, ఏ, ఎఫ్ అను మూడు పొడియక్షరములను వెనుకనుండి చదివినచో ఇంగ్లీషున లావు అను మాట యగును. పిల్లలు దానిని కనిపెట్టుటకు ఎంతసేపు పట్టును? ఎగతాళికి అది యాయుధ మయ్యెను. తల్లిదండ్రులు ఫిర్యాదు చేసిరి. తుదకు 2007లో ప్రభుత్వము ఆ కార్యక్రమమును విరమించి, లావు సన్నము అను భేదము లేక విద్యార్థులందఱి యారోగ్యమును చూచు మఱియొక విధానమును చేపట్టెను.

ఇట్టి యవమానమును కొలువ వీలగునా? 2003లో అమెరికాలోని శాండియాగో వైద్యులు 106 మంది స్థూలబాలబాలికలను, వారి తల్లిదండ్రులను ప్రశ్నించి ఫలితము ప్రకటించిరి. దేహబలము, మనస్స్థితి, స్నేహము, చదువు అను నాలుగింటిని గూర్చి అడిగిరి. వారి జీవనసౌఖ్యము పుండువ్యాధికి, అనగా కాన్సరునకు, చికిత్స పొందు పిల్లల స్థితికి ఇంచుమించు సమానముగా నుండెను. అందఱి పిల్లల గతి యిదే యనరాదు. అయినను వైద్యలోకము ఉలికిపడి, త్రాసుతోపాటు బ్రతుకు బాగును గూడ విచారింప నారంభించెను.

మఱి ఏ పద్ధతి మేలు? ఎప్‌స్టీన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పిల్లవానిని మాత్రమే గాక తల్లినో తండ్రినో గూడ చికిత్సలో చేర్చెను. ఆహారమును వీథికూడలి దీపములవలె ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు అని విభజించి నేర్పెను. పదేండ్ల తరువాత చూడగా, తల్లిదండ్రులతో గూడి సాధన చేసిన పిల్లలే మేలుగా నుండిరని 1990లో ప్రకటించెను. 2017లో కాక్రేన్ సంస్థ 12 మొదలు 17 ఏండ్ల వారిపై జరిగిన 44 పరిశోధనలను సమీక్షించెను. ఆహారము, వ్యాయామము, నడవడి మూటిని గలిపి సవరించినచో సగటున మూడున్నర కిలోగ్రాములకు పైగా తగ్గుదల కానవచ్చెననియు, జీవనసౌఖ్యము గూడ కొంత మెఱుగుపడెననియు, అయితే సాక్ష్యము అంత దృఢము గాదనియు తేల్చెను. 2023లో అమెరికా బాలవైద్యుల సంఘము, మూడు మొదలు పండ్రెండు నెలలలో కనీసము 26 గంటలు కుటుంబముతో గూడి ముఖాముఖి శిక్షణ నీయవలెననియు, నిందావాక్యములను విడువవలెననియు చెప్పెను. క్రమముగా పెంచుమన్న చరకుని మాటకును దీనికిని పొత్తు గలదు.

కావున, పెద్దలారా! స్థౌల్యము ఉపేక్షింపదగినది కాదు. మధుమేహాదులకు అది త్రోవ. కాని, బండపేరు పెట్టి పిలుచుట చికిత్స కాదు. పదిమందిలో తూచుటయు చికిత్స కాదు. ఒక్క బిడ్డ విస్తరిలో మాత్రము అన్నము తగ్గించి తక్కినవారు మిఠాయి తినుట న్యాయము గాదు. ఇల్లంతయు భోజనమును సవరించుకొని, అందఱును నడచి, వైద్యుని సలహాను గైకొని, ఓపికతో ముందునకు సాగుడు. బిడ్డ మనస్సు విఱిగినచో, బరువు తగ్గియు ఫలమేమి?