వెన్న తూచిన రాళ్లు

ఒకప్పుడు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో వెన్న తూచడానికి ఒక రకం గుండ్రటి రాయి వాడేవారు. పొలం దున్నుతుంటే నాగలికి తగిలేది. దాని మీద ఐదు రేకుల పువ్వు లాంటి గుర్తు ఉండేది. పిల్లలు ఇంకో రకం చిన్న రాళ్లతో గోళీలాడుకునేవారు. అవన్నీ రాయిగా మారిన సముద్రజీవులు, అంటే శిలాజాలు. చర్చిల్ అనే ఊళ్లో 1769లో పుట్టిన కమ్మరి కొడుకు విలియం స్మిత్ కూడా ఆ రాళ్ల మధ్యే పెరిగాడు. ఎనిమిదో ఏట తండ్రి పోతే పెదనాన్న చేరదీశాడు.

పెద్ద చదువు లేదు. సర్వేయర్ దగ్గర పని నేర్చుకుని, 1791లో సోమర్సెట్ బొగ్గు గనుల ప్రాంతానికి వెళ్లాడు. గనిలో ఏ పొర కింద ఏ పొర వస్తుందో కూలీలు చూడకుండానే చెప్పేవారు. మరి పైనున్న రాళ్లకీ ఇలాంటి వరస ఉందా అని అడిగాడు స్మిత్. బొగ్గు పొరల మీదుండే ఎర్రమట్టి దాటాక ఏ వరసా లేదన్నారు వాళ్లు. ఆ జవాబు అతనికి మింగుడుపడలేదు.

అదృష్టం కాలువ రూపంలో వచ్చింది. బొగ్గు పడవల కోసం మైళ్ల పొడవున నేల తవ్వే పనికి అతన్నే సర్వేయర్‌గా పెట్టారు. తవ్విన చోటల్లా భూమి కడుపు కనిపించింది. పొరలు వెన్న రాసిన రొట్టె ముక్కల్లా ఒకదాని మీద ఒకటి తూర్పుకి వాలి ఉన్నాయి. వరస ఉంది! కానీ ఏ పొర ఏదో పోల్చుకోవడం ఎలా? రంగు చూశాడు, గట్టిదనం చూశాడు. రెండూ మోసం చేశాయి. ఒక బంకమట్టి పొర అచ్చం ఇంకో బంకమట్టి పొరలాగే ఉండేది.

ఆనవాలు చిన్ననాటి రాళ్ల దగ్గరే దొరికింది. చూడటానికి ఒకేలా ఉన్న పొరల్లో శిలాజాలు మాత్రం వేరు. ఒక పొరలోవి ఇంకో పొరలో లేవు. 1796 జనవరి 5న డంకర్టన్‌లోని స్వాన్ సత్రంలో ఒక కాగితం మీద ఆ సంగతి రాసుకున్నాడు. భూమి వయసెంత అన్న వాదాల జోలికి అతను పోలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే పట్టుకున్నాడు. నాకు అదే అతని గొప్పతనమనిపిస్తుంది.

1799లో కాలువ ఉద్యోగం పోయింది. ఆ ఏడే బాత్ నగరంలో రిచర్డ్‌సన్ అనే మతాచార్యుడి శిలాజాలు చూసి, ఏది ఏ పొరదో చెప్పేశాడు. ఏళ్ల తరబడి వాటిని పోగు చేసిన రిచర్డ్‌సన్ నివ్వెరపోయాడు. స్మిత్ చెబుతుంటే 23 పొరల పట్టికను ఆయనే రాశాడు.

తర్వాత స్మిత్ దేశమంతా తిరిగాడు, చాలావరకు ఒంటరిగా. 1815లో ఇంగ్లండు, వేల్స్ పొరలన్నీ చూపే, చేత్తో రంగులద్దిన పటం వెలువడింది. ఎత్తు ఎనిమిది అడుగుల పైమాటే. పేరు వచ్చింది గానీ, మీద పడ్డ అప్పులు తీరలేదు. ప్రాణంలా దాచుకున్న శిలాజాలను బ్రిటిష్ మ్యూజియానికి అమ్మాడు. అయినా 1819లో అప్పుల జైలు తప్పలేదు. విడుదలై వచ్చేసరికి ఇల్లు జప్తయింది. ఆ మరుసటి ఏడే భూవిజ్ఞానుల సంఘమైన జియలాజికల్ సొసైటీ పోటీ పటం తెచ్చింది. అదే సొసైటీ 1831లో తన తొలి వోలస్టన్ పతకం అతనికిచ్చింది.

స్మిత్ 1839లో కన్నుమూశాడు. అమ్మానాన్నలు పోతే అతను పెంచిన మేనల్లుడు జాన్ ఫిలిప్స్, ఆ మామ వెంట నడిచే శిలాజాలు నేర్చుకున్నాడు. 1841లో, రాళ్లలోని జీవుల్ని బట్టి భూమి గతాన్ని పురాజీవ, మధ్యజీవ, నవజీవ యుగాలుగా విడదీసి చూపింది అతనే.