జాజుపూత కింద మందు

ఎల్లారెడ్డి వైపు వెళ్ళినవారికి పోచారం చెరువు తెలిసే ఉంటుంది. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1922 నాటికి కట్ట వేశారు. ఆ మరుసటి ఏడే దగ్గరలో నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. రెండు లక్షల డెబ్భై అయిదు వేల ఎకరాలు తడపాలని సంకల్పం. కామారెడ్డి మెట్టకు మాత్రం ఆ కాలవ ఎక్కలేదు. అక్కడ చెరువులూ బావులే దిక్కు. సరే, ఎకరాల లెక్క, వరి లెక్క, బోధన్ చక్కెర లెక్క అన్నీ ఇంజనీర్ల కాగితాల్లో ఉంటాయి. దోమల లెక్క ఎవరు రాస్తారు?

నీళ్ళొచ్చిన చోటికల్లా చలిజ్వరం రావడం మన దేశంలో పాత కథే. కాలవ గట్టు కింద ఊరిన గుంటల్లో, వాగు ఒడ్డు మడుగుల్లో పుట్టే దోమ ఒకటుంది. అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ అంటారు. పేరు పలికితేనే చలి పుట్టేలా లేదూ! పల్లెటూళ్ళలో మలేరియాను మోసేది ముఖ్యంగా అదే.

మలేరియా గుట్టు బయటపడింది మన దగ్గరే. కామారెడ్డిలో రైలెక్కితే నేరుగా దిగే సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తనను కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కి దోమకొక అణా చొప్పున ఇచ్చాడట. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కి అణాలే మిగిలాయి. రాస్ ఆ తర్వాత చెప్పిన మాట ఏమంటే, మందు కోసం కూర్చోకండి, తట్టా పారా పట్టుకుని గుంటలు పూడ్చండి, పూడని వాటిలో కిరసనాయిలు పోయండి అని. పట్నాల వాళ్ళు కొందరు విన్నారు. వాగులూ కాలవలూ ఉన్న పల్లెల్లో ఎన్నని పూడుస్తారు?

అంచేత 1953లో సర్కారు డి.డి.టి. పంపులతో ఇళ్ళలోకే వచ్చింది. 1958లో ఆ కార్యక్రమానికి నిర్మూలన అని పేరు పెట్టారు. ఇక్కడే నాకు ఆసక్తి. మందు చల్లాలంటే కుండలూ పరుపులూ వాకిట్లో పెట్టాలి. దేవుడి గూడు, కూరాడు దగ్గరికి పరాయి మగవాడు పంపుతో రావాలి. “దేవుని అర్ర దిక్కు పోకు బిడ్డా” అనని ముసలమ్మ ఏ ఊళ్ళో ఉంటుంది? చల్లిపోయాక గోడలనిండా తెల్లటి మరకలు, ముక్కు పగిలే వాసన. వానాకాలం చల్లిన మందు రెండు మూడు నెలలు పనిచెయ్యాలి. ఈలోపల బతుకమ్మ, దసరా వచ్చేస్తాయి. పండగకి ఎర్రమట్టి పూయకుండా, జాజు పట్టీ దిద్దకుండా ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? పూసేసింది. మందు మట్టి కింద పడుకుంది, దోమ మట్టి మీద కూర్చుంది.

ఈ అలుకుడు గురించి మలేరియా డాక్టర్లు దేశమంతటా ఫిర్యాదులు రాసుకున్నారు. ఆడవాళ్ళ అజ్ఞానం అన్నారు. నేనొప్పుకోను. రక్తం తాగిన దోమ బరువెక్కి ఎదుటి గోడమీద వాలుతుంది. దానిలోని మలేరియా క్రిమి పండి మరొకరికి అంటడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. గోడకి మందుంటే అంతవరకు అది బతకదు. ఈ నాలుగు ముక్కలు ఇల్లు అలికే మనిషితో ఎవరు కూర్చుని చెప్పారు? చెప్పి ఉంటే పండగపూత ముందే కానిచ్చి, ఆ తర్వాతే మందు చల్లించుకునేది. ఇంటి తేదీలు ఆమెకు తెలిసినట్టు ఏ ఇన్‌స్పెక్టరుకి తెలుస్తాయి?

అయినా ఫలితం తక్కువేం కాదు. 1947లో దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్లమందికి మలేరియా, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇంక పోయిందనుకున్నారు. దోమలు మందుకు అలవాటు పడ్డాయి, మందు వేళకి అందలేదు, పర్యవేక్షణ సడలింది. 1976లో మళ్ళీ అరవై నాలుగు లక్షల కేసులు!

ఇప్పుడు కామారెడ్డి జిల్లాకేంద్రం, ఎల్లారెడ్డి మునిసిపాలిటీ. ఆశా కార్యకర్త గడపలోకే వచ్చి వేలి రక్తం తీస్తుంది. వైవాక్స్ రకమని తేలితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. ఈ రెండోది ఎందుకంటే, ఆ క్రిమి కాలేయంలో నిద్రపోతూ ఉండి, నెలల తర్వాత లేచి మళ్ళీ జ్వరం తెస్తుంది. కానీ నాలుగోనాటికి ఒళ్ళు చల్లబడుతుంది, ఆకలేస్తుంది, పొలంలో నాటు పిలుస్తుంది. మిగిలిన మాత్రలు గూట్లో దీపం పక్కనో, సంచీలో రేషన్ కార్డు కిందో ఉంటాయి. వాటిని రోజూ తీసి చేతిలో పెట్టేదెవరో ఆ ఇంటివాళ్ళకే తెలుసు.