ఎమ్ఆర్ఎస్ఏ: పేరులో మిగిలిపోయిన మందు

ఎమ్ఆర్ఎస్ఏలో మొదటి అక్షరం మెథిసిలిన్‌ది. పెన్సిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను అణచడానికి 1960 ప్రాంతంలో బ్రిటన్ ఆసుపత్రులకు వచ్చిన మందు అది. దానికీ లొంగని రకాలు, అంటే ఎమ్ఆర్ఎస్ఏ, దొరికాయని 1961లోనే పరిశోధకురాలు పాట్రీషియా జెవన్స్ ప్రకటించారు. మెథిసిలిన్ వాడకం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆ రకాన్ని గుర్తించడానికి ల్యాబులో క్రిములు పూసిన పళ్లెం మీద సెఫాక్సిటిన్ అనే మరో యాంటిబయాటిక్ బిళ్ళ పెడతారు. దాని చుట్టూ క్రిమి పెరగని వలయం మరీ చిన్నదైతే రిపోర్టులో ఎమ్ఆర్ఎస్ఏ అని రాస్తారు. పేరు మాత్రం పాతదే.

ఆ పేరు నేరాన్ని తప్పు మందు మీద మోపుతోందని నా వాదన. భద్రపరిచిన పాత నమూనాల జన్యువులను పరిశీలించి 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఈ నిరోధకత 1940ల మధ్యలోనే, అంటే మెథిసిలిన్ పుట్టకముందే వచ్చింది. దాన్ని పెంచి పోషించింది పెన్సిలిన్ విస్తృత వాడకమేనని ఆ పరిశోధకుల అంచనా. పేరేదైతేనేం, వైద్యులకు అర్థం తెలుసు కదా అనవచ్చు. వైద్యులకు తెలుసు, నిజమే. రోగి బంధువులకు మాత్రం ఏదో ఒక్క మందే పనిచేయదనిపిస్తుంది. నిజానికి పెన్సిలిన్ కుటుంబమంతా, సెఫలోస్పోరిన్లనే యాంటిబయాటిక్‌లలో దాదాపు అన్నీ పనికిరావు. వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటి కొన్నే మిగులుతాయి. రిపోర్టులో ఆ అక్షరాలు కనిపిస్తే, ఏ మందులు పనిచేస్తాయో డాక్టరుగారిని అడగండి. మంచం దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ చేతులు శుభ్రం చేసుకోమనండి.