బహిరంగ తాగుడు, పోలీసు కట్టడి (నల్లగొండ, పాలమూరు)

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో బహిరంగ తాగుడును పోలీసులు అణచాలా అన్న చర్చ బార్ల చుట్టూ తిరుగుతుంది గానీ, ఇక్కడి తాగుడులో బార్ల వాటా కొంతే. బార్లు ఎక్కువగా పట్టణాల్లో ఉంటాయి. పల్లెల్లో మందు వైన్ షాపు పక్క పర్మిట్ రూమ్‌లోనో, లైసెన్సు లేని బెల్టు షాపులోనో నడుస్తుంది.

చట్టం దృష్టిలో తాగడం వేరు, తాగి నలుగురినీ ఇబ్బంది పెట్టడం వేరు. రెండోదానికి భారత శిక్షాస్మృతి 510వ సెక్షన్ కింద 24 గంటల వరకు సాధారణ జైలు, లేదా 10 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. 1860 నాటి ఆ పది రూపాయలు 2024 వరకూ మారలేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ జరిమానాను 1,000 రూపాయలకు పెంచి, సమాజ సేవను ప్రత్యామ్నాయ శిక్షగా చేర్చింది. జైలు గడువు మాత్రం అంతే. పోలీసులకు అసలు పట్టు దొరికేది తాగినవాడు బండెక్కినప్పుడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

తాగి బండెక్కడం అనగానే హైవేలు గుర్తొస్తాయి. ఈ జిల్లాల్లో చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా 65వ నంబరు, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారులు పోతాయి. హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించింది. 2017 మార్చి 31న చిన్న ఊళ్లకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జులైలో పురపాలక ప్రాంతాలకు ఈ ఆంక్ష వర్తించదని స్పష్టం చేయడంతో హైవే మీది పట్టణాల్లో పట్టు సడలింది.

బెల్టు షాపు చూడ్డానికి కిరాణా కొట్టే. సబ్బులు, బీడీకట్టల వెనక క్వార్టర్ సీసాలుంటాయి. ఎమ్మార్పీ మీద కొంత ఎక్కువ తీసుకుని ఏ వేళకైనా ఇస్తారు. సరుకు వచ్చేది లైసెన్సున్న వైన్స్ నుంచే కాబట్టి, తూలుతూ వెళ్లేవాణ్ణి పట్టుకోవడం కంటే ఆ సరఫరాను ఆపడమే తేలిక. కానీ రాష్ట్ర ఖజానాకు మద్యం పెద్ద ఆదరువు. 2025లో ఒక్క దుకాణం దరఖాస్తుకే తిరిగి రాని రుసుము 3 లక్షలు. 2023లో అది 2 లక్షలు. అమ్మకం పెరగాలని చూసేదీ తాగినవాణ్ణి పట్టుకునేదీ ఒకే ప్రభుత్వం.

సరఫరా మీద ఒక్కసారిగా విరుచుకుపడితే ఏమవుతుందో 2015లో కల్తీ కల్లు మీద జరిగిన దాడులు చూపాయి. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు, అది అందకపోయేసరికి మూర్ఛలతో, మతి తప్పిన చేష్టలతో ఆస్పత్రుల పాలయ్యారు. నిజామాబాద్ మొదలు పలు జిల్లాల్లో ఇదే జరిగింది. కల్తీ కల్లు పాలమూరుకూ పాత జబ్బే.

నల్లగొండ జిల్లా మునుగోడులో ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి వేరే దారి పట్టారు. 2025 అక్టోబరులో కొత్త దుకాణాల దరఖాస్తుదారులకు షరతులు పెట్టారు: షాపు ఊరి బయట ఉండాలి, పర్మిట్ రూమ్ సాయంత్రమే తెరవాలి, బెల్టు షాపులకు సరుకు ఇవ్వకూడదు. దుకాణాలకు షరతులు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే గనుక ఎమ్మెల్యే పెట్టినవాటికి చట్టబలం లేదు. ఎక్సైజ్ శాఖ అప్పుడు పాలమూరు వాడే అయిన మంత్రి జూపల్లి కృష్ణారావు చేతిలో ఉంది.