పసిబిడ్డల వైద్యుడి చదువు: 1963కు ముందు

నెలలు నిండని బిడ్డల వైద్యం గురించి రాసేవాళ్లు పారిస్‌లో తార్నియే ఇంక్యుబేటర్‌తో మొదలుపెట్టి, ఒక్క గెంతులో 1963 ఆగస్టుకు వస్తారు. అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, ఊపిరందక రెండు రోజులకే చనిపోయాడు. ఆ దుఃఖంలోంచే నియోనేటాలజీ, అంటే నవజాత శిశువుల వైద్యశాఖ, పుట్టిందంటారు.

ఈ కథకు తేదీలు ఒప్పుకోవు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆపే సర్ఫాక్టెంట్ అనే పదార్థం కొరవడడమే పాట్రిక్‌కు ఊపిరందకుండా చేసిన జబ్బుకు మూలమని మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ 1959లోనే చూపారు. 1960లో షాఫర్ పుస్తకం ఈ శాఖకు పేరు పెట్టింది. యేల్‌లో లూయీ గ్లక్ ప్రత్యేక విభాగం తెరిచిందీ ఆ ఏడే. 1961లో వాండర్‌బిల్ట్‌లో మిల్‌డ్రెడ్ స్టాల్‌మన్ ఒక శిశువును శ్వాసయంత్రం మీద బతికించారు. పిల్లల ఆరోగ్య పరిశోధనకు జాతీయ సంస్థను ఏర్పరిచే చట్టం మీద కెనడీ సంతకం కూడా 1962 నాటిదే. పాట్రిక్ మరణంతో జనం దృష్టి, దాని వెంట కొంత డబ్బు ఇటు మళ్లి ఉండవచ్చు, కాదనను. కానీ వైద్యుణ్ని తయారుచేసే దారి అప్పటికే శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలల్లో పడింది. ఎవరీ హార్వర్డ్‌లో మీడ్ దగ్గర ఊపిరితిత్తుల భౌతికశాస్త్రం నేర్చుకున్నారు. స్టాల్‌మన్ అందుకోసం స్టాక్‌హోమ్ దాకా వెళ్లారు. కాస్తంత రక్తంతోనే ఆమ్లత తేల్చగలిగాకే గంటగంటకూ చికిత్స మార్చడం కుదిరింది. ఆ కొలతలు తెలిసినవాళ్ల దగ్గర శిష్యరికమే తొలి ఫెలోషిప్. అమెరికాలో దానికి బోర్డు పరీక్ష 1975లో గానీ రాలేదు.

మన దేశంలో 1980లో నేషనల్ నియోనేటాలజీ ఫోరం ఏర్పడింది, 1989లో చండీగఢ్ పీజీఐలో ఈ శాఖలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ అయిన డీఎం మొదలైంది. ఇప్పుడు ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పిల్లల వైద్యంలో ఎండీ మూడు, డీఎం మూడు: అడ్డంకులు లేకుంటే పదకొండున్నరేళ్లు. మధ్యలో డీఎం ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్. బిడ్డ ఛాతీ ఎగురుతున్న తీరు చూసి వెంటిలేటర్ ఒత్తిడి మార్చాల్సినవాణ్ని నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టే నేర్పుతో ఎంచుకోవడం నాకు మింగుడుపడదు.

అంతకన్నా పెద్ద సందేహం జిల్లాల గురించి. 2003లో పురూలియా ఆసుపత్రి తోవ చూపాక దేశమంతా జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగాలు (ఎస్‌ఎన్‌సీయూలు) వచ్చాయి. అక్కడి వైద్యులకు ప్రత్యేక శిక్షణ కొద్ది రోజుల తరగతులు, రెండు వారాల పరిశీలన. డీఎం చేసినవాళ్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఆగిపోతారు. అక్కడే యంత్రాలు, జీతాలు. ఎండీ విద్యార్థులకు జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు తప్పనిసరి చేశారు. డీఎం వాళ్లను ఎస్‌ఎన్‌సీయూలో అంతకాలమైనా ఉంచితే, అక్కడి వైద్యుడికి ఒక గురువు, వీళ్లకు ఒక కొత్త ప్రశ్న దొరికేవి.