రంగంలో కోరంగీలు

గోదావరి సముద్రంలో కలిసేచోట, యానానికి దగ్గరగా ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నాటి తుఫానుతో దాని వైభవం ముగిసింది. ఆ తరువాతి కాలంలో బర్మాకు బయలుదేరిన జనం కాకినాడలోనో విశాఖపట్నంలోనో కళింగపట్నంలోనో ఓడ ఎక్కారు. అయినా రంగూన్‌లో దిగిన తెలుగు కూలీది సోంపేట అయినా పిఠాపురమైనా, అక్కడి దొరల కాగితాలలో అతను 'కోరంగీ'గానే నమోదయ్యాడు. పరాయి నగరం అతనికి మొట్టమొదట ఇచ్చింది ఒక పేరు. అదీ బహుశా అతనెన్నడూ కంటితో చూడని రేవు పేరు. బర్మీయులు భారతదేశం నుంచి వచ్చినవాళ్ళందరితోపాటు అతన్నీ 'కళా' అన్నారు. అతను మాత్రం ఆ నగరాన్ని తన నోటికి తగ్గట్టు 'రంగం' అని పిలుచుకున్నాడు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగం వెళ్ళడమంటే రెండు మూడేళ్ళు కష్టపడి అప్పు తీర్చుకుని తిరిగి రావడమనే అర్థం.

ఆ నగరం కూడా ఒక విధంగా కొత్తదే. 1852 యుద్ధంలో రంగూన్‌ను గెలుచుకున్న ఆంగ్లేయులు, మాంట్‌గొమరీ అనే వైద్యుడూ ఫ్రేజర్ అనే ఇంజనీరూ వేసిన పథకం ప్రకారం, సూలే పగోడాను నడుమ ఉంచి, నది ఒడ్డున చదరంగపు గళ్ళలాగా వీధులు తీర్చారు. చాలా సందులకు పేర్లకు బదులు అంకెలే పెట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపా దారి దగ్గరైంది. మిల్లులకూ రేవుకూ మనుషులు కావలసివచ్చారు. 1927 ఒక్క ఏడాదిలో భారతదేశం నుంచి బర్మా చేరినవారు నాలుగు లక్షలకు పైమాటే. తిరిగి వెళ్ళినవారి సంఖ్యా లక్షల్లోనే ఉంది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లోని నాలుగు లక్షల జనంలో సగానికి మించి భారతీయులు. బర్మా మొత్తంమీద తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. బజారులోనూ రేవులోనూ చలామణీ అయిన భాష హిందుస్తానీ. అంటే బర్మాకు వచ్చిన తెలుగువాడు బర్మీయ భాష ముక్క రాకుండానే ఏళ్ళకేళ్ళు గడపవచ్చు. ఇది సౌకర్యంగానే కనిపించింది, 1930 వరకు.

ఈ నగరంలో కుదురుకోవడం అనే పనిని కూలీ తనంతట తాను చేసుకోలేదు. అతని తరఫున మేస్త్రి చేశాడు. మేస్త్రి సాధారణంగా ఆ ప్రాంతపు మనిషే, ఒక్కొక్కసారి బంధువు కూడా. ఊళ్ళో బయానా ఇచ్చేదీ, ఓడ టిక్కెట్టు కొనేదీ, రంగూన్‌లో పడుకోవడానికి చోటు చూపేదీ, పనిలో పెట్టేదీ అతనే. రేవులో సరుకు దించే స్టీవడోరు కంపెనీకి కూలీ ముఖం తెలియదు. కంపెనీ పెద్ద మేస్త్రికి డబ్బిస్తే, అతను చిన్న మేస్త్రికి, చిన్న మేస్త్రి తన ముఠాకు పంచాలి. పైనుంచి కిందికి దిగేకొద్దీ కూలి తరిగేది. బయానా, తిండి ఖర్చు, కమీషను పోగా చేతికి వచ్చినదానిలోంచే ఇంటికి పంపుకోవాలి. బయానా తీసుకుని పనికి ఎగనామం పెట్టినవాణ్ణి నేరస్థుడిగా కోర్టుకు ఈడ్చడానికి 1859 నాటి చట్టం ఒకటి ఉండేది. దాన్ని 1925లో గాని రద్దు చేయలేదు. చట్టం పోయినా బయానా పోలేదు.

ఇక బస. కూలీల గదులు రేవుకు దగ్గరి వీధుల్లో, ఇటుక మేడల్లో, లోపలికి పొడుగ్గా సాగి గాలీ వెలుతురూ అందనివి. గదికి ఇంతమందే ఉండాలని నగరపాలక సంస్థ నిబంధన ఉండేది. లైసెన్సులో రాసిన సంఖ్య వేరు, రాత్రి చాపలమీద పడుకున్న తలల లెక్క వేరు. పగటి పనివాడు లేచిన చాపమీద రాత్రి పనివాడు నడుము వాల్చేవాడు. ఆడవాళ్ళు చాలా తక్కువ. ఇంతటి ఇరుకులోనూ ఒక సౌలభ్యం లేకపోలేదు: కొత్తగా దిగినవాడికి మొదటి రాత్రే తన యాస వినిపించేది, ఊరి కబుర్లు తెలిసేవి, జ్వరం వస్తే గంజి కాచేవాడు ఒకడుండేవాడు. కొత్త దేశంలో దిగి కన్సల్టెన్సీ గెస్ట్‌హౌసులో కొన్ని వారాలు గడిపిన నేటి పాఠకుడికి ఇది కొంత పరిచితంగా తోచవచ్చు. పోలికను అంతకుమించి లాగడం న్యాయం కాదు. గెస్ట్‌హౌసు విడిచి బయటపడే దారి అతనికి ఉంది. మేస్త్రి గది విడిస్తే కూలీకి పనే లేదు.

రంగూన్‌లో ఈ మనుషులు చేయని మోత పని లేదు. బియ్యపు మిల్లుల్లో బస్తాలు మోశారు, ఓడల్లో సరుకు ఎక్కించి దించారు, చేత్తో లాగే రిక్షాలు లాగారు, మరుగుదొడ్లు ఎత్తిపోశారు. బర్మాలో చిరకాలం ఉద్యోగం చేసిన ఆర్థికవేత్త ఫర్నివాల్ తరువాతి రోజుల్లో ఇటువంటి సమాజాన్ని బహుళ సమాజమన్నాడు: వేర్వేరు జాతులు పక్కపక్కనే బతుకుతూ సంతలో మాత్రమే కలుసుకునేది. కోరంగీ విషయంలో ఈ మాటకు చిన్న సవరణ అవసరం. సంతలో కూడా అతని తరఫున బేరమాడింది మేస్త్రే.

1930 మేలో ఆ లోటు బయటపడింది. మే 5న గాంధీ అరెస్టయ్యాడు. అదే రోజు పెగూ భూకంపం రంగూన్‌నూ కుదిపింది. ఆ వారంలోనే రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయ కూలీలను పనిలోకి దించారు. ఆర్థికమాంద్యం ముంచుకొస్తున్న కాలంలో వాళ్ళకూ ఆ పని అవసరమే. నెలాఖరుకు రాజీ కుదిరి పాతవాళ్ళు తిరిగివచ్చేసరికి, కొత్తగా చేరినవాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట వీధులకు పాకి రోజుల తరబడి సాగింది. వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు. కొట్లాట నాడు ఇరుపక్షాలకూ ఉమ్మడిగా ఒక భాష లేదు, ఒక సంఘం లేదు, ఇద్దరినీ ఎరిగిన మధ్యవర్తి లేడు. రెండు ముఠాలనూ ఎదురెదురుగా నిలిపిన కంపెనీలకు ఒక్క దెబ్బా తగలలేదు. కూలీలు తలుపులు బిగించుకుని గదుల్లో దాక్కున్న ఆ రోజుల్లో రేవు స్తంభించింది, వీధులు ఊడ్చే దిక్కు లేకపోయింది.

మేస్త్రి లేకుండా ఒక్కసారిగా బతకవలసిన రోజు 1941 డిసెంబరు 23న వచ్చింది. జపాను బాంబులు రేవు వీధులమీద పడ్డాయి. రంగూన్ ఖాళీ అవసాగింది. రేవు కూలీలు వెళ్ళిపోగా ఓడల్లోని యుద్ధసామగ్రి దించే చేతులు కరువయ్యాయి. ఓడ టిక్కెట్టు దొరకనివాళ్ళు అరకాన్ కొండలమీదుగా కొందరు, మణిపురం వైపు కొందరు కాలినడకన బయలుదేరారు. వేలమంది కలరాతోనూ ఆకలితోనూ దారిలోనే పోయారు. మిగిలినవాళ్ళు ఊరు చేరేసరికి పెట్టెలో పంపుకున్న సొమ్మే తప్ప రంగం తాలూకు గుర్తేదీ చాలామంది దగ్గర లేదు. యుద్ధం తరువాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు వాళ్ళూ వెనక్కి వచ్చారు. అలా వచ్చినవాళ్ళు స్థిరపడిన పేటను విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు.